పిల్లల్ని అడగనివ్వండి: వైకల్యం మీద అపోహలు, వాస్తవాలు

వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీగా, అంటే ఆ పిల్లలకు చదువులో తోడ్పడే టీచర్‌గా పనిచేస్తున్నాను. జూన్‌లో బడులు తెరిచారంటే చాలు, ఏ స్కూలుకు వెళ్ళినా తల్లిదండ్రుల నుంచి ఇదే మాట: "ఆ బాబుని ఏమీ అడగొద్దని మావాడికి గట్టిగా చెప్పి పంపించాం మేడమ్." మంచి మనసుతోనే చెబుతారు. కానీ పిల్లలకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

అపోహ: వైకల్యం గురించి అడగడం తప్పు.

వాస్తవం: కాళ్ళకు ఊతంగా కట్టే క్యాలిపర్లు, చెవి వెనక వినికిడి మెషిన్, కారే చొంగ ఆరేళ్ళ పిల్లల కంట పడకుండా ఉండవు. కంట పడ్డాక ప్రశ్న పుడుతుంది. "ష్, అటు చూడకు" అని చెయ్యి పట్టుకు లాగేస్తే, అదేదో భయపడాల్సిన సంగతని వాళ్ళు అనుకుంటారు. మనం చెప్పని జవాబు వీధిలో దొరుకుతుంది: గ్రహణం పట్టిందట, పూర్వజన్మ పాపమట, తాకితే అంటుకుంటుందట. ఇంకేముంది, ఆ బాబు పక్కన ఎవరూ కూర్చోరు. తిట్టరు, కొట్టరు, పలకరించనూ పలకరించరు. తల్లులు నా దగ్గరికొచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకునేది ఎక్కువగా దీనికే.

ఓ రెండో తరగతి గదిలో సెరిబ్రల్ పాల్సీ (మెదడులో లోపం వల్ల కండరాలు అదుపులో ఉండకపోవడం) ఉన్న పాపని ఒక పిల్లాడు అందరిముందూ అడిగేశాడు, "నువ్వెందుకలా నడుస్తావ్?" అని. టీచర్ గదమాయించే లోపే పాప చెప్పేసింది: "నా కాళ్ళు నా మాట తొందరగా వినవు." "మరి ఏడు పెంకులాట ఎట్లా ఆడతావ్?" అన్నాడు వాడు. బంతి తను విసిరేట్టు, పెంకులు పేర్చడానికి తన బదులు వాడు పరిగెత్తేట్టు ఒప్పందం కుదిరింది. పాప గురి బలే గురి. గీత దాటి విసిరిందని అవతలి జట్టు పెద్ద గొడవ పెట్టుకుంది, పాప కూడా తగ్గలేదు. ఆ గొడవ చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కాబట్టి మీవాడు అడిగితే ఉన్నదున్నట్టు రెండు ముక్కల్లో చెప్పండి: "మెదడు చెప్పింది కాళ్ళకు సరిగ్గా అందదు. నడకను బట్టి తెలివిని లెక్కకట్టకు." అయితే ఫలానా పాప జబ్బు వివరాలు, వైకల్యం ఎంతో తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో ఎంత శాతం రాశారో పాపా, అమ్మానాన్నలూ ఒప్పుకోకుండా తరగతిలో చెప్పకూడదు. ఇది టీచర్లకు కూడా.

అపోహ: జాలి పడటం నేర్పితే చాలు.

వాస్తవం: జాలిపడే పిల్లలు బ్యాగు మోస్తారు, పుట్టినరోజుకి మాత్రం పిలవరు. "సాయం కావాలా?" అని అడిగాకే చెయ్యి వెయ్యమనండి. వీల్‌చైర్‌ని అడక్కుండా తొయ్యకూడదు. వినికిడి లోపం ఉన్నవాళ్ళతో ఎదురుగా నిలబడి మాట్లాడాలి. డిసెంబర్ 3న, అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం నాడు, పిల్లల కళ్ళకు గంతలు కట్టి నడిపించే కార్యక్రమం నాకు నచ్చదు. ఆ పది నిమిషాల్లో తెలిసేది భయమే. చూపులేని పిల్లలు ఏళ్ళ తరబడి సాధన చేసిన చేతికర్ర నడక, బ్రెయిలీ చదువు అందులో కనబడవు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫిట్స్ అంటుకోవు. ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో తాళాలు, నోట్లో స్పూన్లు పెట్టకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి టైమ్ చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యండి. "వీళ్ళు స్పెషల్ స్కూల్‌కే పోవాలి" అనేది ఒట్టిమాట. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న 6-18 ఏళ్ళ పిల్లలకు దగ్గరి బడిలోనైనా, కోరుకున్న ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచితంగా చదువుకునే హక్కుంది. చేర్చుకోవడం ఎవరి దయా కాదు.

బస్సులో మీ పాప గట్టిగా అడిగేసిందని సిగ్గుపడకండి. "అక్కకి ఇష్టమైతే అక్కనే అడుగుదాం" అనండి. వైకల్యం ఉన్న బిడ్డ మీదైతే, ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు ఇంట్లోనే అలవాటు చెయ్యండి. చెప్పాలనిపించని రోజు "ఇప్పుడు చెప్పను, ఆడుకుందాం పద" అనొచ్చని కూడా నేర్పండి.