మోటార్‌సైకిల్ వెనక ట్రెయిలర్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

డాలస్ దగ్గర ఒక షాపులో మోటార్‌సైకిళ్లకు హిచ్‌లు (ట్రెయిలర్ తగిలించే కొక్కీలు) బిగించడం, ట్రెయిలర్ లైట్లకు వైరింగ్ చేయడం నా పని. ఈమధ్య మనవాళ్లు చాలామంది హోండా గోల్డ్‌వింగ్‌లు, హార్లీ టూరింగ్ (దూరప్రయాణాల) బైకులు, మూడు చక్రాల కాన్-ఆమ్ స్పైడర్‌లు కొంటున్నారు. కొన్న ఏడాది తిరక్కుండానే భార్యాభర్తలిద్దరూ క్యాంపింగ్‌కి వెళ్దామనుకుని ట్రెయిలర్ గురించి వాకబు చేస్తారు. అడిగేది మాత్రం ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఎక్కువ సామాను పట్టేది ఏది, అందులో చవకది ఏది?"

నేను చెప్పేది దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. ముందు బైక్ చూడండి, తర్వాత హిచ్, ఆ తర్వాత ట్రెయిలర్ ముందుండే టంగ్ (బైక్‌కి తగిలించే పొడవాటి కడ్డీ), చక్రాలు, స్ప్రింగులు చూడండి. పెట్టె ఎంత పెద్దది అన్నది ఆఖర్న చూసుకోండి. ఇది ఎందుకో ఒక్కొక్క అపోహ తీసుకుని చెబుతాను. రాసేదంతా అమెరికా రోడ్ల గురించే.

అపోహ: 1800 సీసీ ఇంజిన్ ఉంది, ఎంత బరువైనా లాగేస్తుంది.

లాగుతుంది, అందులో అనుమానం లేదు. గోల్డ్‌వింగ్ 1833 సీసీ ఇంజిన్‌కి వెనక నాలుగొందల పౌండ్లు ఒక లెక్కలోది కాదు. అసలు సమస్య ఆపడం. మోటార్‌సైకిల్ ట్రెయిలర్లలో ఎక్కువ వాటికి సొంత బ్రేకులుండవు, కాబట్టి ఆ బరువంతా ఆపాల్సింది మీ బైక్ రెండు టైర్లే. లెక్క వేసి చూడండి: బైక్ 850 పౌండ్లు, మీరిద్దరూ కలిసి ఓ 330, మొత్తం 1180. వెనక సామానుతో కలిపి 400 పౌండ్ల ట్రెయిలర్ తగిలిస్తే 1580 అయింది, అంటే బరువు మూడో వంతు పెరిగింది, రోడ్డుని పట్టుకునే టైర్లు మాత్రం పెరగలేదు. 150 అడుగుల్లో ఆగాల్సిన బండికి దాదాపు 200 అడుగులు పడుతుంది. అదీ పొడి రోడ్డు మీద, తిన్నగా వెళ్తున్నప్పుడు. మలుపులో వంగి ఉండగా గట్టిగా బ్రేక్ వేస్తే వెనకున్న బరువు బైక్ తోకని బయటివైపుకి నెడుతుంది, ఆ క్షణంలో ఇంజిన్ సైజు ఎందుకూ పనికిరాదు.

మరి ఎంత బరువు వరకు ఫర్వాలేదు? ఇక్కడ రాష్ట్రానికో రూలు. అందుకే నేను బ్రిటన్ చట్టాన్ని కొలబద్దగా చూపిస్తుంటాను. అక్కడ 125 సీసీకి పైబడిన బైక్‌తోనే ట్రెయిలర్ లాగాలి, సామానుతో కలిపిన బరువు 150 కిలోలు లేదా బైక్ బరువులో మూడింట రెండు వంతులు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది దాటకూడదు, వెడల్పు ఒక మీటరుకి మించకూడదు. 150 కిలోలంటే దాదాపు 330 పౌండ్లు. అది మనకి వర్తించదు, నిజమే, కానీ పెద్ద బైక్‌కి కూడా వాళ్లు అక్కడే గీత గీశారంటే ఆలోచించాల్సిన విషయమే. నా మటుకు నేను ఎవరికైనా చెప్పే హద్దు బైక్ బరువులో సగం, అదీ సామాను, ఐస్‌తో సహా. కొండదారుల్లో తిరిగేవాళ్లకి ఇంకా తక్కువ చెబుతాను.

అపోహ: టూరింగ్ బైక్ అంటే ట్రెయిలర్ కట్టుకోవడానికి కంపెనీ ఒప్పుకున్నట్టే.

ఒప్పుకోలేదు. గోల్డ్‌వింగ్ ఓనర్స్ మాన్యువల్ తీయండి, ఈ బైక్ ట్రెయిలర్ లాగడానికి డిజైన్ చేసింది కాదని హోండా తేటతెల్లంగా రాసింది. హార్లీ మాన్యువల్లో కూడా ట్రెయిలర్ లాగొద్దనే హెచ్చరిక ఉంటుంది: టైర్ల మీద లోడ్ పెరుగుతుంది, బ్రేకింగ్ తగ్గుతుంది, అదుపు తప్పుతుంది అని. మూడు చక్రాల స్పైడర్ ఆర్‌టీ సంగతి వేరు, దానికి కాన్-ఆమ్ వాళ్లే ఆర్‌టీ-622 పేరుతో 622 లీటర్ల ట్రెయిలర్ అమ్మారు.

హిచ్‌లు బిగించి బతికే నేనే ఈ మాట చెప్పడం ఏంటని కొందరు అడుగుతారు. వేలమంది ఏళ్ల తరబడి గోల్డ్‌వింగ్‌లతో ట్రెయిలర్లు లాగుతున్నారు, అది కూడా నిజమే. కానీ నిర్ణయం మీది, బాధ్యతా మీదే అన్న సంగతి తెలిసి దిగాలి. వారంటీ గురించి ఒక మాట: 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం వల్ల, బయటి పార్ట్ బిగించారన్న ఒక్క సాకుతో వారంటీ మొత్తం ఎగ్గొట్టడం కుదరదు. అయితే ట్రెయిలర్ లాగడం వల్లే క్లచ్ పోయిందని తేలితే ఆ ఖర్చు మీరే పెట్టుకోవాలి. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పండి, ట్రెయిలర్‌కి, అందులో సామానుకి కవరేజీ ఉందా అని రాతపూర్వకంగా తీసుకోండి.

అపోహ: హిచ్ మీద బరువు ఎంత తక్కువ పడితే అంత మంచిది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన అపోహ ఇదే, ఎందుకంటే వినడానికి చాలా సబబుగా ఉంటుంది. టంగ్ వెయిట్ అంటే హిచ్ బాల్ (హిచ్ చివర ఉండే ఇనప గుండు) మీద ట్రెయిలర్ మోపే బరువు. మొత్తం బరువులో అది సుమారు పదో వంతు ఉండాలి. ఎద్దుల బండిలో సామాను వెనక్కి వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల మెడ ఎలా బిగుస్తుందో ఊళ్లో పెరిగినవాళ్లకి తెలుసు. ఇక్కడా అంతే, బరువు ఇరుసు వెనక్కి పోతే ట్రెయిలర్ బైక్ తోకని పైకెత్తుతుంది, వేగం పెరిగేకొద్దీ అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. ఆ ఊపు ఒకసారి పట్టుకుంటే హ్యాండిల్‌తో సరిచేయాలని చూడకండి, బ్రేక్ మీద గట్టిగా పడకండి, థ్రాటిల్ మెల్లగా వదిలి వేగం తగ్గనివ్వండి. ఆపి సామాను ముందుకి సర్దండి.

అలాగని ఎక్కువైనా కష్టమే. హిచ్ బాల్ గోల్డ్‌వింగ్ వెనక ఇరుసుకి ఇంకో రెండడుగుల వెనక ఉంటుందనుకోండి, రెండు చక్రాల మధ్య దూరం దాదాపు 67 అంగుళాలు. బాల్ మీద 40 పౌండ్లు పడితే వెనక చక్రం మీద 54 పడతాయి, ముందు చక్రం మీద నుంచి 14 పౌండ్లు లేచిపోతాయి. 80 పడితే వెనక 109, ముందు నుంచి 29 పోతాయి. ముందు చక్రం తేలికైతే స్టీరింగ్ తేలిపోతుంది, పైగా వెనక సీటు మీద మనిషి, సైడు పెట్టెల్లో సామాను ఎలాగూ ఉన్నాయి.

క్యాంపింగ్ ట్రెయిలర్లకి టంగ్ మీద కూలర్ పెట్టుకునే స్టాండు ఒకటి వస్తుంది. ఇర్వింగ్ నుంచి వచ్చిన ఒక జంట, బండి బరువుగా తిరుగుతోంది, ముందు చక్రం పట్టు లేనట్టుందని తీసుకొచ్చారు. ట్రెయిలర్ ఖాళీగా ఉన్నప్పుడు తూచుకున్నారు, అంతా బాగానే ఉంది. ప్రయాణం రోజున కూలర్ నిండా ఐస్, నీళ్ల సీసాలు, పాలు, పెరుగు, నాన్చిన మినప్పిండి డబ్బాతో సహా. ఆ కూలర్ ఒక్కటే యాభై పౌండ్ల పైన ఉంది, దాదాపు మొత్తం బాల్ మీదే పడింది. కూలర్‌ని తీసి లోపల ఇరుసుకి కాస్త ముందు పెట్టించాను, బండి దారికొచ్చింది. ఐస్ కరిగి నీళ్లు పారబోశాక టంగ్ బరువు మళ్లీ మారుతుందని కూడా గుర్తుంచుకోండి.

కొలవడానికి పెద్ద పరికరాలేం అక్కర్లేదు. ఇంట్లో మనం ఎక్కి బరువు చూసుకునే స్కేలు చాలు. ప్రయాణానికి ఎలా సర్దుతారో అలాగే మొత్తం సర్ది, స్కేలు మీద చెక్క దిమ్మెలు పేర్చి కప్లర్‌ని (టంగ్ చివర, బాల్ మీద కూర్చునే భాగాన్ని) వాటి మీద ఆనించండి. ఎత్తు బైక్ మీద హిచ్ బాల్ ఎంత ఎత్తులో ఉందో అంతే ఉండాలి, లేకపోతే అంకె తేడా వస్తుంది. వచ్చిన అంకెని మీ హిచ్ మీద రాసున్న పరిమితితో పోల్చండి, సామాను ముందుకో వెనక్కో జరిపి మళ్లీ చూడండి. పావుగంట పని.

అపోహ: కార్గో ట్రెయిలర్ కంటే క్యాంపింగ్ ట్రెయిలరే లాభం, పడక కూడా వస్తుంది కదా.

ముడిచిన గుడారం, పరుపు, మడత కాళ్లు అన్నీ కలిసి క్యాంపర్ ఖాళీగానే 250, 300 పౌండ్ల దాకా తూగుతుంది. అంటే మీ హద్దులో చాలా భాగం ఇంకా ఒక్క సంచి పెట్టకముందే అయిపోయింది. నేల మీద పడుకోలేనివాళ్లకి, నడుం నొప్పి ఉన్నవాళ్లకి, వానలో గుడారం వేసుకునే ఓపిక లేనివాళ్లకి క్యాంపర్ నిజంగా సుఖం, అందులో వాదన లేదు. కానీ ఏడాదికి రెండు మూడుసార్లు పడుకోవడానికి మాత్రమే అయితే, తేలికపాటి కార్గో ట్రెయిలర్‌లో మంచి టెంటు, మడత మంచాలు వేసుకెళ్తే బరువు బాగా తగ్గుతుంది, మిగతా రోజుల్లో సామానుకీ పనికొస్తుంది. క్యాంపర్ కొనాలనుకుంటే షాపులో విప్పి చూపించమని అడగండి, ఆ పని మీరే ఒకసారి చేయండి. తడిసిన గుడారం ముడిచి తెస్తే ఇంటికొచ్చాక విప్పి ఆరబెట్టే చోటు ఉండాలి, అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి.

అపోహ: చవక కిట్ ట్రెయిలర్ (విడిభాగాలుగా వస్తే మనమే బిగించుకునేది) కొని, పైన కారు రూఫ్ బాక్స్ బిగిస్తే సరిపోతుంది.

చాలామంది చేస్తారు, కొందరు బాగానే చేస్తారు. కానీ ఆ కిట్లు కారు వెనక వెయ్యి పౌండ్లు మోయడానికి తయారైనవి. 200 పౌండ్ల సామానుకి ఆ లీఫ్ స్ప్రింగులు వంగనే వంగవు, రోడ్డులో ప్రతి అతుకు దగ్గరా ట్రెయిలర్ ఎగిరిపడుతుంది, ఎగిరిన చక్రం రోడ్డుని పట్టుకోదు. టైరు పక్కన రాసిన గరిష్ఠ ప్రెషర్ దాకా గాలి కొట్టించేవాళ్లున్నారు, దాంతో ఎగరడం ఇంకా ఎక్కువవుతుంది. ఆ ప్రెషర్ గరిష్ఠ బరువుకి, మీ తక్కువ బరువుకి కాదు. టంగ్ పొట్టిగా ఉండటం ఇంకో లోపం. బాల్‌కీ ఇరుసుకీ మధ్య దూరం ఎంత ఎక్కువుంటే బండి అంత నిలకడగా వస్తుంది.

ఇక చక్రాలు. 8 అంగుళాల రిమ్ముకి వేసే 4.80-8 టైరు 65 మైళ్ల వేగంలో నిమిషానికి 1300 చుట్లకి పైగా తిరుగుతుంది, 12 అంగుళాల రిమ్మైతే దాదాపు 1070. గుంటలో చిన్న చక్రం లోతుగా దిగుతుంది, బేరింగ్ త్వరగా వేడెక్కుతుంది. హైవే మీద దూరం వెళ్లేవాళ్లకి నేను 12 కన్నా తక్కువ చెప్పను. ఎత్తు పెట్టె కూడా వద్దు, సామాను ఎంత కిందుంటే అంత మంచిది.

అపోహ: ఒంటి చక్రం ట్రెయిలర్ బొమ్మలాంటిది.

కాదు. అది బైక్‌తో పాటే వంగుతుంది, సన్నగా ఉంటుంది, వెనక వస్తున్న చక్రం మీ దారిలోనే వస్తుంది. ఇద్దరి బట్టలు, టెంటుకి సరిపోయే తక్కువ బరువే పడుతుంది, కుడి ఎడమ సమానంగా సర్దాలి. మలుపుల దారులు ఇష్టపడేవాళ్లు దీన్ని తప్పకుండా చూడాలి.

అపోహ: హిచ్ అంటే ఏ ఇనప ముక్కైనా ఒకటే.

హిచ్ ఫ్రేముకి బిగించాలి. నంబర్ ప్లేట్ బ్రాకెట్‌కో, సైడు పెట్టెల గార్డుకో వెల్డింగ్ చేసి తెచ్చినవి నేను తీసేయిస్తాను. మీ మోడల్‌కే చేసిన హిచ్ కొనండి, బోల్టులు టార్క్ రెంచ్‌తో బిగించి, మొదటి ప్రయాణం తర్వాత మళ్లీ చూసుకోండి. బాల్ సైజు కప్లర్ మీద రాసి ఉంటుంది, 1-7/8 అంగుళాల బాల్‌కి 2 అంగుళాల కప్లర్ పెడితే గుంతలో ఊడి వచ్చేస్తుంది.

కారు ఒరగదు, బైక్ ఒరుగుతుంది. మామూలు కప్లర్ కొంతవరకే పక్కకి వాలనిస్తుంది. అందుకే టంగ్‌లో గుండ్రంగా తిరిగే స్వివెల్ ఉన్న ట్రెయిలరే తీసుకోండి. ట్రెయిలర్ బోల్తా పడినా దానితో పాటు బైక్‌ని మెలిపెట్టి పడేయదు. సేఫ్టీ చైన్లు టంగ్ కింద కత్తెరలా అడ్డంగా దాటించండి, కప్లర్ ఊడినా టంగ్ రోడ్డుకి గుచ్చుకోకుండా వాటి మీద ఆగుతుంది. ఒరగడానికి కాస్త వదులుండాలి, నేలకి రాసుకునేంత కాదు.

అపోహ: లైట్లకి వైర్లు కలిపేస్తే అయిపోయింది.

బైక్‌లో బ్రేక్ లైటు వేరు, ఇండికేటర్ వేరు. ఇక్కడి మామూలు నాలుగు వైర్ల ట్రెయిలర్లో రెండూ ఒకే బల్బు. ఆ రెండు సిగ్నళ్లనీ ఒకే వైరులోకి కలిపే కన్వర్టర్ లేకుండా కలిపితే బ్రేక్ నొక్కినప్పుడు ఇండికేటర్ కనపడదు. బైక్ సన్న వైర్ల మీద ట్రెయిలర్ బల్బుల లోడు వేయకుండా, బ్యాటరీ నుంచి ఫ్యూజుతో నేరుగా కరెంటు తీసుకునే ఐసొలేటర్ వేయించండి. ఎర్త్‌కి విడిగా వైరు లాగాలి, గ్రీజు పట్టిన బాల్ మీద ఆధారపడకూడదు. అడపాదడపా వెలిగి ఆరే లైట్ల కేసుల్లో నేను ముందు చూసేది ఆ వైరే.

అపోహ: వెనక ట్రెయిలర్ ఉన్నట్టే తెలియదు.

అమ్మేవాళ్ల మాట ఇది. తెలియకపోవడమే ప్రమాదం. కాలిఫోర్నియాలో ఏది లాగుతున్నా 55 మైళ్లే పరిమితి. చాలా ట్రెయిలర్ టైర్లు కూడా 65 మైళ్ల వేగానికి ఉద్దేశించినవే, అందుకే టెక్సస్‌లో 75 బోర్డు కనపడినా నేను 65 దాటొద్దని చెబుతాను. మీరు లేన్‌లో ఎడమ చక్రాల జాడలో వెళ్తే, ట్రెయిలర్ చక్రాల్లో ఒకటి మధ్యన నూనె చారల మీదా ఇంకొకటి గీత పక్కనా నడుస్తాయి. గుంట మీ బైక్ తప్పించుకున్నా ఆ చక్రం తప్పించుకోదు. భార్యో భర్తో వెనక కూర్చోకముందు ఖాళీ పార్కింగ్‌లో వంద పౌండ్లు వేసుకుని ఆపడం, తిప్పడం నేర్చుకోండి. రివర్స్ గేర్ ఉన్నా వెనక్కి తోసేటప్పుడు దిగి చేత్తో తిప్పుకోవడమే మేలు.

అపోహ: సెకండ్ హ్యాండ్‌లో చూసేది పెయింటు, టైర్ల గ్రూవ్‌లే.

టైరుకి గ్రూవ్‌లు ఎంతున్నా, నిలబెట్టి ఉంచిన ట్రెయిలర్ టైరు వయసుతోనే పోతుంది. పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. చక్రం జాకీ మీద లేపి చేత్తో తిప్పండి, గరగర వినిపించినా, పైనా కిందా పట్టి ఊపితే ఆడినా బేరింగ్ మార్చాలి. బేరింగులకి ఏడాదికోసారి, లేదా 12,000 మైళ్లకోసారి గ్రీజు పెట్టాలి. టంగ్ వెల్డింగుల దగ్గర గోరుతో గీకి పగుళ్లున్నాయా చూడండి. టెక్సస్‌లో ట్రెయిలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్, నంబర్ ప్లేట్ ఉండాలి కాబట్టి అమ్మే మనిషి దగ్గర కాగితాలు చేతికొచ్చాకే డబ్బివ్వండి.