టాక్‌బ్యాక్‌లో అన్నమాట: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి వచ్చిందంటే భీమవరం నుంచి అమలాపురం దాకా ఏదో ఒక ఊళ్ళో కబడ్డీయో, వాలీబాలో, క్రికెట్టో నడుస్తూనే ఉంటుంది. ఇప్పుడు చాలావాటికి యూట్యూబ్ లైవ్ కూడా తోడైంది. మూడు కెమెరాలు, వాటిలో ఏది చూపించాలో మార్చే ఒక స్విచ్చర్, కామెంటరీకి ఇద్దరు, గీత పక్కన మైకు పట్టుకుని ఒక యాంకరమ్మాయి. ఆ అమ్మాయి గురించి హెడ్‌సెట్‌లో, అంటే యూనిట్ వాళ్ళు తమలో తాము మాట్లాడుకునే టాక్‌బ్యాక్‌లో, ఎవరో ఒక వెకిలిమాట అంటారు. తరవాత వినపడేవి ఏ ఊళ్ళో అయినా ఇవే: "ఒక్కరోజు బేటాకి (రోజుకూలికి) వచ్చిందండీ, మన స్టాఫ్ కాదు కదా", "కమిటీ వాళ్ళకి చెప్పాం, చూస్తామన్నారు". లైవ్ యూనిట్లలో ఈ ఫిర్యాదుల పని చూసేవాళ్ళకి ఇవి వినీ వినీ విసుగొచ్చింది. నిజంగా అన్యాయం జరిగినవాళ్ళ గడువు దాటించేస్తున్నవి ఈ రెండు మాటలే. ముందు వాటి సంగతి.

అపోహ: రోజు బేటా మనిషికి ఫిర్యాదు చేసుకునే చోటు లేదు

ఉంది. పని చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం, మనం పోష్ అంటున్నది, 2013 డిసెంబరు 9 నుంచి అమల్లో ఉంది. అందులో ఉద్యోగి అంటే నెల జీతగాళ్ళే కాదు. రోజుకూలీ, తాత్కాలికంగా పెట్టుకున్నవాళ్ళు, కాంట్రాక్టరు పంపినవాళ్ళు, ట్రైనీ, డబ్బులు తీసుకోకుండా సాయానికి వచ్చినవాళ్ళు అందరూ వస్తారు. పనిచోటు అనే మాట కింద స్టేడియం, క్రీడా సముదాయం, పోటీలు జరిగే స్థలం అని పేరు పెట్టి మరీ రాశారు. హైస్కూలు గ్రౌండులో మ్యాట్ పరిచినా, కొబ్బరితోటలో ఫ్లడ్‌లైట్లు కట్టినా అది పోటీ స్థలమే. యూనిట్ వాళ్ళు ఏర్పాటు చేసిన వ్యాన్లో తిరుగు ప్రయాణం కూడా పనిచోటే.

పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండి తీరాలి. పదిమంది కన్నా తక్కువైతే, మన లైవ్ యూనిట్లు చాలావరకు అంతే, జిల్లాకొకటి ఉండే స్థానిక కమిటీకి ఇవ్వాలి. ఆ మాట అన్నది యూనిట్ ఓనరే అయితే మనుషులు ఎంతమంది ఉన్నా స్థానిక కమిటీకే.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతోంది. "కమిటీకి చెప్పాను" అని ఆ అమ్మాయి అంటే, అది టోర్నమెంట్ కమిటీ! కప్పులూ, భోజనాలూ, టెంట్లూ చూసుకునే పెద్దలు. వాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. "ఫైనల్స్ అవనివ్వమ్మా, కూర్చోబెట్టి మాట్లాడదాం" అంటారు. ఫైనల్స్ అవుతాయి, కనుమ వెళ్తుంది, ఎవరి ఊరికి వాళ్ళు పోతారు. వాళ్ళకి చెప్పడం తప్పేం కాదు గానీ, చట్టం దృష్టిలో అది ఫిర్యాదు కాదు. గడువు ఆగదు.

ఆ గడువు మూడు నెలలు. జనవరి 14న అన్నమాటకి ఏప్రిల్ 14 దాకా. ఒకే మనిషి మళ్ళీమళ్ళీ అంటుంటే ఆఖరిసారి అన్న రోజు నుంచి లెక్క. సకాలంలో ఇవ్వలేని పరిస్థితి ఉంటే, కారణం రాసి, కమిటీ ఇంకో మూడు నెలల దాకా పొడిగించవచ్చు. వేసవి టోర్నమెంట్లలో ఆ మాట అన్న లైవ్ డైరెక్టరే మళ్ళీ ఎదురయ్యాక "అప్పుడే ఇవ్వాల్సింది" అని ఏడ్చేవాళ్ళున్నారు. భయపడి ఆగిపోయినందుకు వాళ్ళనేమీ అనలేం. తేదీ తెలియకపోవడం మాత్రం పక్కనున్నవాళ్ళు తీర్చగలిగిన లోటు.

ఏ జిల్లాకి ఇవ్వాలన్నదీ చాలామంది తప్పుతున్నారు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మారాయి. రాజోలులో జరిగింది కాకినాడకి కాదు, అమలాపురానికి. పాలకొల్లు, నరసాపురం అయితే భీమవరానికి. కొవ్వూరుది ఏలూరు కాదు, రాజమహేంద్రవరం. యాంకర్ సొంతూరు ఎక్కడన్నది లెక్క కాదు, పని జరిగిన చోటు చూసి ఇవ్వండి. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో అడిగితే స్థానిక కమిటీ వివరాలు చెబుతారు. అంతదూరం వెళ్ళలేకపోతే మండల స్థాయిలో నోడల్ అధికారి ఉండాలని చట్టమే చెప్పింది. ఆయన తీసుకుని 7 రోజుల్లో కమిటీకి పంపాలి.

ఫిర్యాదు కాగితం ఆరు కాపీలు. తేదీ, టైము, ఏ మ్యాచ్, ఎన్నో కోర్టు, ఆ టైముకి హెడ్‌సెట్ మీద ఎవరెవరున్నారు, సాక్షుల పేర్లూ చిరునామాలూ. అన్నమాటని ఉన్నది ఉన్నట్టు రాయాలి. "అసభ్యంగా మాట్లాడాడు" అని రాస్తే కమిటీకి ఏమీ తెలియదు. రాయడానికి సిగ్గేసినా ఆ మాటే రాయండి, అది మీ మాట కాదు. సొంతంగా రాసుకోలేనివాళ్ళకి రాయించి పెట్టే బాధ్యత కమిటీదే. ఒక కాపీ 7 పనిదినాల్లో అవతలి మనిషికి వెళ్తుంది, అతను 10 పనిదినాల్లో జవాబివ్వాలి, విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా అదే మనిషి చేతికింద పనిచేయలేనంటే తాత్కాలిక ఏర్పాటు చేయమని రాతపూర్వకంగా అడగవచ్చు. ఆమె కోరితేనే రాజీ ప్రయత్నం. అందులోనూ డబ్బిచ్చి సరిపెట్టడం కుదరదు. "పదివేలు ఇప్పించేస్తాం, వదిలెయ్యమ్మా" అనే పెద్దమనుషులు ఈ ముక్క చదవాలి.

అపోహ: అది మా గోదారోళ్ళ ఎటకారమండీ, ఎవర్నీ వదలం

రైడర్ బోనస్ గీత దాటకుండానే చెయ్యెత్తేస్తే కామెంటేటర్ ఎటకారమాడతాడు. భోజనాల దగ్గర ఆ రైడరే వచ్చి కామెంటేటర్ గొంతు మీద తిరిగి ఆడతాడు. అది ఇద్దరూ ఆడే ఆట. డైరెక్టరు మూడో కెమెరా మనిషితో "ఇంకొంచెం కిందికి దించవయ్యా" అని యాంకర్ మీద అన్నప్పుడు, ఆ మాట ఆమె చెవిలోని ఇయర్‌పీస్‌లోనూ పడుతుంది. ఆమె లైవ్‌లో ఉంది, నవ్వుతూ స్కోరు చెప్పాలి. తిరిగి అనే వీలే లేదు. దీన్ని ఎటకారమంటే ఆ మాటకే అవమానం.

లైంగిక అర్థం వచ్చే వ్యాఖ్య పోష్ చట్టంలో విడిగా పేర్కొన్న వేధింపు. ఆమెకి ఇష్టంలేని మాటా కాదా అన్నది అక్కడ అసలు ప్రశ్న. పోలీసుల దాకా వెళ్తే భారతీయ న్యాయ సంహితలో 75 (లైంగిక వేధింపు), 79 (మహిళ మర్యాదని అవమానించే మాట, చేష్ట) సెక్షన్లు ఉన్నాయి. 79లో మాత్రం అవమానించే ఉద్దేశం ఉందని తేలాలి. రెండు దారులూ ఒకేసారి నడవచ్చు.

ఒక తేడా గుర్తుంచుకోండి. "ఆడపిల్లకి సూపర్ ట్యాకిల్ ఏం తెలుసు" అనడం చిన్నచూపే, తప్పే. కానీ ఆ ఒక్కమాటనే లైంగిక వేధింపుగా నిలబెట్టడం కష్టం. దానికి యూనిట్‌తో చేసుకునే ఒప్పందంలోనే ఒక షరతు రాయించాలి: అలాంటి మాట అన్న మనిషిని ఆ రోజే హెడ్‌సెట్ నుంచి దింపెయ్యాలని. అలాంటి మాటలతో పాటు ఒంటి మీద మాటలూ కలిసి వస్తుంటే అన్నీ ఒకే కాగితంలో తేదీల వారీగా రాయండి.

అపోహ: మైకు ఆఫ్‌లో అన్నది లెక్కలోకి రాదు

2011 జనవరిలో ఇంగ్లండులో స్కై స్పోర్ట్స్ వ్యాఖ్యాతలు ఆండీ గ్రే, రిచర్డ్ కీస్, ఒక ఫుట్‌బాల్ మ్యాచ్‌లో లైన్స్ వుమన్‌గా ఉన్న షాన్ మాసీకి ఆఫ్‌సైడ్ రూలు తెలియదని ప్రసారంలో లేనప్పుడే అనుకున్నారు. ఆ మాటలు బయటికొచ్చాయి. ఆ మ్యాచ్‌లో ఆమె నిర్ణయం సరైనదని రీప్లేలో తేలింది. తోటి మహిళా ప్రెజెంటర్‌తో గ్రే ప్రవర్తించిన తీరు మరో క్లిప్‌లో బయటపడి అతని ఉద్యోగం పోయింది, మర్నాడు కీస్ రాజీనామా చేశాడు.

మన మిక్సర్ల దగ్గరా అంతే. ఫేడర్ (గొంతు పెంచి తగ్గించే మీట) దించితే ప్రసారంలో గొంతు ఆగుతుంది, ప్రీ-ఫేడర్ నుంచి, అంటే ఆ మీటకి ముందే, తీసే ట్రాకులో పడుతూనే ఉంటుంది. కామెంటరీ పెట్టె మీద కాఫ్ బటన్ (దగ్గొచ్చినప్పుడు మైకు ఆపేది) నొక్కితేనే మూలంలో తెగుతుంది. టాక్‌బ్యాక్ మాత్రం చాలా యూనిట్లలో రికార్డు కాదు. మిక్సర్లో ఖాళీ ఛానెల్ ఉంటే దానిలోకి లాగి విడి ట్రాకుగా రికార్డు చేయండి, ఆ సంగతి పొద్దున్నే అందరికీ చెప్పండి.

ఆలస్యం చేస్తే పోయేది ఇదే. రాత్రి మ్యాచ్ అయ్యాక మెమరీ కార్డులు లాప్‌టాప్‌లోకి కాపీ చేసి, పొద్దుటికల్లా ఫార్మాట్ కొట్టేస్తారు. ప్రీ-ఫేడర్ ట్రాకు కాపీ జాబితాలో ఉండదు. అదే రాత్రి అడిగి ఒరిజినల్ ఫైలు పక్కన పెట్టించండి, ట్రిమ్ చేయొద్దు. 12 గంటలు దాటిన లైవ్‌ని యూట్యూబ్ తనంతట సేవ్ చేసి ఉంచుతుందన్న భరోసా లేదు, పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా సాగే కబడ్డీలు ఆ గీత దాటిపోతాయి. వాట్సాప్ గ్రూపులో మాయమయ్యే మెసేజీలు పెట్టి ఉంటే 24 గంటల్లోనే పోవచ్చు. స్క్రీన్‌షాట్‌లో నంబరు, టైము కనపడాలి.

రికార్డింగ్ లేకపోయినా ఫిర్యాదు చెల్లుతుంది. సాక్షులు చాలు, ఆమె వాంగ్మూలమూ సాక్ష్యమే. రుజువు చేయలేకపోయినంత మాత్రాన అబద్ధపు ఫిర్యాదని శిక్షించకూడదని పోష్ చట్టం 14వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. కేసు తిరగబడుతుందని బెదిరించేవాళ్ళ మాట నమ్మకండి.

మిగతావి

"అందంగా ఉన్నారన్నాను, పొగడ్తే కదా." 2016లో క్రిస్ గేల్ ఆస్ట్రేలియా బిగ్‌బాష్ క్రికెట్ లీగులో లైవ్ ఇంటర్వ్యూ చేస్తున్న టీవీ రిపోర్టర్ మెల్ మెక్‌లాఫ్లిన్‌తో అలాగే మాట్లాడితే అతని జట్టే 10,000 ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. "ఆడవాళ్ళ కామెంటరీ కొత్త ఫ్యాషన్." భారత తొలి టెస్టు కెప్టెన్ సి.కె.నాయుడు గారి కూతురు చంద్రా నాయుడు 1970ల్లోనే క్రికెట్ కామెంటరీ చెప్పారు.

"చాట్‌లో ఎవరో రాస్తే మనమేం చేస్తాం" అన్నది ఆర్గనైజర్ల మాట. చేయవచ్చు. లైవ్‌కి ముందే స్లో మోడ్ (ఒక్కొక్కరు వెంటవెంటనే మెసేజీలు పెట్టకుండా ఆపేది) పెట్టండి, చాట్ చూడటానికే ఒకరిని కూర్చోబెట్టండి, ఆ పని యాంకర్‌కి అప్పగించొద్దు. బూతుమాటల్ని బ్లాక్ జాబితాలో తెలుగు అక్షరాల్లోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో కుర్రాళ్ళు రాసే రెండు మూడు స్పెల్లింగుల్లోనూ చేర్చండి. ఎవరినైనా హైడ్ చేసేముందు ఆ ఖాతా హ్యాండిల్ (@ గుర్తుతో మొదలయ్యే పేరు) కనపడేలా ఒక స్క్రీన్‌షాట్ తీసుకోండి. తరవాత పేరు మార్చేసినా హ్యాండిల్‌ని బట్టి వెతికే వీలుంటుంది.