నల్లముళ్ళన్నీ డయాడెమా కాదు

"సార్, డయాడెమా గుచ్చుకుంది. విషం పైకి ఎక్కుతుందా?" డయాడెమా అంటే పొడవాటి నల్లముళ్ళుండే ఒక రకం సీ అర్చిన్, ఒళ్ళంతా ముళ్ళున్న గుండ్రటి సముద్ర జీవి. ఆదివారం దాటితే ఇలాంటి మెసేజ్ ఒకటి నాకు తప్పదు. మొన్నటిది విశాఖ తెన్నేటి పార్కు కింద, సముద్రం వెనక్కి తగ్గే పాటు సమయంలో రాళ్ళ మీద నడిచిన కుర్రాడిది. అక్కడ రాతి గుంటల్లో నక్కి ఉండేది స్టోమోప్న్యూస్టిస్ వేరియోలారిస్ అనే మరో సీ అర్చిన్. నలుపే, కానీ ముళ్ళు పొట్టి, లావు. కుటుంబమే వేరు. నెట్‌లో 'నల్ల సీ అర్చిన్' అని కొడితే డయాడెమా బొమ్మలొస్తాయి. ఇక నిద్ర పట్టదు పాపం.

డయాడెమాటిడే కుటుంబానికి 1855లో జంతుశాస్త్రవేత్త గ్రే పేరు పెట్టాడు. డయాడెమా, ఎకినోత్రిక్స్, ఆస్ట్రోపైగా, సెంట్రోస్టెఫానస్ వంటివి ఇందులోవి. డయాడెమా ముల్లు సన్నగా, పొడవుగా, లోపల బోలుగా ఉంటుంది. పట్టకారు తగిలితే చాలు, పుటుక్కుమంటుంది.

అసలు కొంప ముంచే అపోహ: చర్మం కింద నల్లగా ఉన్నదంతా ముల్లే, తవ్వి తీయాలి. కాదు! ముల్లు రంగు కూడా అంటుకుంటుంది. లోపల ముల్లు లేకపోయినా మచ్చ కనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. అప్పటికీ పోకపోతే ముల్లు ఉందని అనుమానించాలి. అండమాన్‌లోని చిడియాటాపులో నాకు గుచ్చుకున్నప్పుడు నేనూ పిన్నీసుతో గంటసేపు కెలికాను. ముల్లు రాలేదు, చీము వచ్చింది. పదిహేను రోజులు కుంటుతూ నడిచాను. చదువుకున్నవాణ్ణే మరి!

బయటికి కనిపించే ముల్లును నిటారుగా లాగండి. కాలిని ఓర్చుకోగలిగిన వేడినీళ్ళలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర ఉంచండి. నొప్పి తగ్గుతుంది. కీలు దగ్గరో కంట్లోనో గుచ్చుకున్నా, వాపు పెరిగినా, ఊపిరి ఆడకపోయినా డాక్టరే దిక్కు. ధనుర్వాతం ఇంజక్షన్ సంగతీ అడగండి. మూత్రం పోయమనేవాళ్ళ మాట వినకండి.

మిగతావి గబగబా. డయాడెమా సెటోసమ్ అనే జాతికి నడినెత్తిన ఉండే నారింజ వలయం కన్ను కాదు, మలద్వారం. చారల ముళ్ళున్నంత మాత్రాన వేరే జాతి కాదు, డయాడెమా పిల్లలకీ చారలుంటాయి. ఎకినోత్రిక్స్‌లో భయపడాల్సింది పొడుగు ముళ్ళకన్నా వాటి మధ్య సన్నని పొట్టి ముళ్ళకే, విషం వాటిలోనే. ఇక 'చంపేస్తే పీడా పోతుంది' అనేవాళ్ళకు: 1983-84లో కరీబియన్‌లో డయాడెమా యాంటిల్లారమ్ దాదాపు తుడిచిపెట్టుకుపోతే, మేసేవాళ్ళు లేక నాచు పెరిగి పగడాలను కప్పేసింది.

మూడో రోజు కుర్రాడు మళ్ళీ ఫొటో పంపాడు. నల్లమచ్చ లేదు. పిన్ను గుచ్చిన చోట మాత్రం పుండు.