పొడి రాలితే చెద కాదు: ఊళ్ళు తిరిగి తెచ్చిన సామాను మీద అపోహలు, వాస్తవాలు

"జోధ్‌పూర్ నుంచి తెప్పించిన టీపాయి కింద తెల్లగా పొడి పడుతోందండీ. చెద అంటున్నారు. ఇల్లంతా పాకుతుందా?"

విజయవాడ, గుంటూరు ఇళ్ళకు అలంకరణ చేసిపెట్టడం నా పని. సోఫా రంగు గురించి, కర్టెన్ల గురించి అడిగేవాళ్ళకంటే ఈ పొడి చూసి హడలిపోయి ఫోను చేసేవాళ్ళే నాకు ఎక్కువ. భయపడటంలో వాళ్ళ తప్పేమీ లేదు. ముచ్చటపడి, రవాణా ఖర్చు పెట్టుకుని తెప్పించుకున్న వస్తువు ఇంటికే ఎసరు పెడుతుందంటే ఎవరికైనా నిద్ర పట్టదు. నా కోపమంతా చూడకుండానే "చెదే" అని తేల్చేసే వాళ్ళమీద.

అపోహ: పొడి రాలిందంటే చెద పట్టినట్టే.

మన ఇళ్ళలో సాధారణంగా పట్టే చెద మట్టిలోంచి వస్తుంది, తడి లేనిదే బతకదు. గోడ వెంబడి, స్కర్టింగ్ పక్కన మట్టితో సన్నటి దారి కట్టుకుని పాకుతుంది. పై పొర వదిలేసి చెక్కను లోపల తినేస్తుంది. వేలితో నొక్కితే డొల్లగా లోపలికి దిగుతుంది, మట్టి కనిపిస్తుంది. పొడి మాత్రం రాలదు. పిండిలా మెత్తటి పొడి, గుండుసూది దూరేటంత గుండ్రటి చిల్లులు కనిపిస్తే అది పుచ్చు. ఆ పురుగు వేరు. అది మీ నేలలోంచి రాలేదు. కొన్న రోజునే చెక్క లోపల ఉండి, టిక్కెట్టు లేకుండా మీతో ప్రయాణం చేసి వచ్చింది. ఏడాదికో, ఆ పైనో రెక్కలొచ్చి చిల్లు చేసుకుని బయటపడుతుంది. మీరు చూసే చిల్లు అది వెళ్ళిపోయిన దారి. ఒక మినహాయింపు ఉంది. రాలేది పిండి కాకుండా, చేతికి గరుకుగా తగిలే పలకల గింజలైతే అది పొడి చెక్కలోనే బతికే వేరే రకం చెద. అప్పుడు తెలిసినవాళ్ళను పిలవాల్సిందే.

ఈ తేడా తెలియకపోతే ఎంత ఖర్చో చెబుతాను. గుంటూరు అరండల్‌పేటలో ఒక కుటుంబం రాజస్థాన్ వెళ్ళి, చెక్కడపు పని ఉన్న మామిడి చెక్క బల్ల ఒకటి తెప్పించుకుంది. ఏడాది తిరిగేసరికి పొడి. పక్కింటివారు చెదన్నారు. చెదమందు వాళ్ళు వచ్చి హాలు చుట్టూ కొత్త టైల్సుకు వరసగా చిల్లులు పొడిచి, మందు పోసి, తెల్ల సిమెంటుతో పూడ్చారు. పొడి రాలుతూనే ఉంది. పూజగది గుమ్మం పీకించాలన్న మాట వచ్చాక నన్ను పిలిచారు. బల్లను తలకిందులు చేయించాను. పైన అద్దంలాంటి పాలిష్, అడుగున పచ్చి చెక్క. చిల్లులన్నీ ఒకే కాలి మీద, లేత రంగు చారలోనే ఉన్నాయి, ముదురు భాగంలో ఒక్కటీ లేదు. ఇంట్లో పెద్దావిడ రోజూ రాత్రి గుమ్మాన్ని వేళ్ళతో కొట్టి చూసుకుంటున్నారట. "ఇక్కడికి రాలేదు కదమ్మా?" అని రెండుసార్లు అడిగారు. అది చేవ (చెక్క లోపలి ముదురు భాగం) ఉన్న టేకు, రాదు అని చెప్పాను. ఆ పురుగుకు కావలసింది చెక్కలోని పిండిపదార్థం. చేవలో అది దొరకదు, చేవ పట్టని తెల్ల భాగంలో దొరుకుతుంది. మామిడిలో ఈ భాగం ఎక్కువ. వెదురు సంగతీ అంతే, అస్సాం నుంచి తెచ్చిన దీపపు బుట్టల నుంచి కూడా పొడి రాలడం అందుకే.

మరేం చేయాలి? పొడి తుడిచేసి, కింద నల్ల కాగితం పరిచి, చిల్లులకు మైనం పూయండి. ఏడాది దాకా గమనిస్తూ ఉండండి. కొత్త పొడీ కొత్త చిల్లూ లేకపోతే కథ ముగిసినట్టే, ఇంకేమీ చేయకుండా వస్తువును వాడుకోండి. ఉంటే చిల్లు చిల్లుకూ సిరంజితో పుచ్చుమందు ఎక్కించాలి. పాలిష్ లేని చోట బోరాక్స్, బోరిక్ ఆసిడ్ కలిపిన ద్రావణం పూయాలి. పాలిష్ మీద పూస్తే లోపలికి దిగదు. ఆరాక అడుగునా వెనకా కూడా పాలిష్ వేయించండి. ఆడపురుగు గుడ్లు పెట్టేది పూత లేని చెక్క రంధ్రాల్లోనే. మన పాలిష్ మేస్త్రులు కనిపించే వైపు మూడు పూతలు వేసి, కనిపించని వైపు ఒక్కటీ వేయరు! రంగులు లేని చిన్న వస్తువైతే గాలి చొరకుండా సంచిలో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచవచ్చు. తీశాక చల్లదనం పోయేదాకా సంచి విప్పకండి. కొండపల్లి బొమ్మల్లాంటి రంగు వేసిన వాటికి ఈ వైద్యం వద్దు. కిరోసిన్ పోసేవాళ్ళున్నారు. అది లోపలిదాకా చేరదు, మరక మిగులుతుంది, నిప్పు భయం అదనం.

"పాత చెక్క, పుచ్చదు" అని అమ్మినవాడు చెప్పాడంటారా? నిజంగా నూరేళ్ళ చెక్కయితే ఈ పురుగుకు అందులో తిండి పెద్దగా మిగలదు. అయినా రాలుతోందంటే ముందు ఆ వయసునే అనుమానించండి. రంగు పులిమి పాతదనం తెచ్చిన కొత్త మామిడి చెక్కలు ఎన్నో చూశాను. "బాలి నుంచి వచ్చింది, పెట్టె మీద ముద్ర ఉంది, పురుగుండదు" అనే వాదన ఇంకొకటి. ఆ ముద్ర ప్యాకింగు చెక్కకు, దాన్ని లోపలిదాకా 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడి చేశారనో, పొగ మందు పెట్టారనో చెప్పడానికి. లోపలి బల్లకు దానితో సంబంధం లేదు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగాక అయిదో అంతస్తు వాళ్ళు కూడా పొడికి వరదే కారణమా అని అడిగారు. కాదు.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

బిదరీ పాత్ర నల్లబడిందని చింతపండుతో తోమకండి. ఆ నలుపే దాని అందం. జింకులో కొంచెం రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టీ నవాసాగరమనే లవణమూ కలిపి పట్టించి తెప్పించిన నలుపు అది. పులుపు తగిలితే పోతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాయండి చాలు.

సహజ రంగులు కాబట్టి కలంకారీ వెలవదనుకోవడం పొరపాటు, అందుకే ఇంకా త్వరగా వెలుస్తుంది. పెడనలో కొన్నదైనా, శ్రీకాళహస్తిలో కొన్నదైనా మే నెల ఎండ పడే పడమటి గోడకు వేలాడదీయకండి.

అండమాన్ తీరంలో ఊరికే పడి ఉన్న పగడపు దిబ్బ ముక్కను తెచ్చుకుంటే తప్పేమిటంటారు. తప్పే. 2001లో వాటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. రాలిపడినదైనా అంతే.

నూరేళ్ళు దాటిన విగ్రహాలకు 1972 నాటి పురావస్తువుల చట్టం వర్తిస్తుంది, అమ్మేవాడికి లైసెన్సు ఉండాలి. అమ్మమ్మ ఇచ్చిన కాఫీ గిన్నె గురించి బెంగపడకండి.

లాఫింగ్ బుద్ధను కొనకూడదు, ఎవరైనా ఇవ్వాలట! ఆయన గౌతమ బుద్ధుడే కాదు, చైనాలో ప్రసిద్ధుడైన బుదాయ్ అనే భిక్షువు. బొమ్మ నచ్చితే కొనుక్కోండి.

చివరగా, పొడి ప్రాంతాల నుంచి వచ్చిన బల్లల సొరుగులు మన వానాకాలంలో బిగుసుకుంటాయి. వెంటనే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టించకండి. చెక్క తేమకు ఉబ్బింది, అంతే. ఇప్పుడు గీకిస్తే వేసవిలో సందులు పడి సొరుగు గడగడలాడుతుంది. అంచులకు కొవ్వొత్తి రుద్ది సంక్రాంతి దాకా ఆగండి. అప్పటికీ రాకపోతే ఫోను చేయండి.