ముప్పైకి ఏడు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న గోడమీది బొమ్మ కింద పెన్సిలుతో రాసిన 7/30 చూసి, "పాపం, ముప్పైకి ఏడే వచ్చాయి" అని చిట్టి జాలిపడింది. అవి మార్కులు కావు తల్లీ. బొమ్మ గీసిన ఒకే లోహపు రేకుతో కాగితాల మీద తీసిన ముప్పై అచ్చుల్లో అది ఏడోదని చిత్రకారుడు రాసుకున్న లెక్క. ఆ ముప్పై అయ్యాక, మళ్లీ ఎవరూ తీయకుండా రేకు మీద అడ్డంగా గీతలు కొట్టేసేవాళ్లూ ఉన్నారు.

"అయితే జిరాక్సే కదా" అన్నాడు పెద్దవాడు. జిరాక్సు తీయాలంటే ముందు అసలు కాగితం ఒకటి ఉండాలి. ఇక్కడ అలాంటిది లేదు. రేకు మీద ఉన్నది తిరగబడిన గీతలే. రంగు పూసి, కాగితం పరిచి, యంత్రంలో నొక్కితేనే బొమ్మ పుడుతుంది. ముప్పైకి ముప్పై అసలువే.

బెండకాయ ముక్కతో పువ్వులు అద్దారు కదా, ఉబ్బెత్తుగా ఉన్న చోటే రంగు అంటుకుంది. పెడన కలంకారీ చెక్క అచ్చులదీ అదే దారి. ఎచింగ్ అనే అచ్చు పద్ధతి దానికి తలకిందులు. రేకుకు మైనంలాంటి పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ఉంచుతారు. గీసిన చోట ఆమ్లం రేకును తినేసి గాడి చేస్తుంది. రంగు గాడిలో నిలుస్తుంది, పైదంతా తుడిచేస్తారు. తడిపిన కాగితం రోలరు బరువుకు గాడిలోకి దిగి ఆ రంగును పీల్చుకొస్తుంది. మన చిత్రకారుడు లక్ష్మా గౌడ్ గారి ఎచింగుల్లో వెంట్రుకవాసి గీతలన్నీ అలా వచ్చినవే.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది అచ్చు చిత్రాల కళాకారుడు కృష్ణారెడ్డి గారి పని. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ అనే చిత్రకారుడు నడిపిన అచ్చు చిత్రాల కార్యశాల అటెలియే 17లో చేరారు. రంగుల అచ్చుకు సాధారణంగా రంగుకో రేకు కావాలి. అక్కడ ఆయన, తోటి చిత్రకారుడు కైకో మోతీ ఒకే రేకుతో, ఒకే నొక్కుతో అన్ని రంగులూ తెప్పించే పద్ధతికి రూపమిచ్చారు. కిటుకంతా అవిసె నూనెలో ఉంది. నూనె ఎక్కువ కలిపిన పలుచని రంగు మీద చిక్కటి రంగు అంటుకోదు. ఆయన శిల్పి కూడా, అందుకే రేకును మెట్లుమెట్లుగా చెక్కేవారు. గట్టి రోలరు పలుచని రంగును పై మెట్టుకే పూస్తుంది. తర్వాత మెత్తటి రోలరు చిక్కటి రంగుతో పల్లాల్లోకి దిగుతుంది. పైన ఎంత దొర్లినా అక్కడ దాని రంగు నిలవదు.

ఈ కంప్యూటర్ రోజుల్లో ఇంత చాకిరీ ఎందుకంటారా? అదే అటెలియేలో నేర్చుకున్న చిత్రకారిణి జరీనా 2001లో ఒక చెక్క అచ్చు చేశారు. అందులో ఉన్నది భారత్, పాకిస్తాన్ సరిహద్దు గీత ఒక్కటే. ఆమె ఆ గీతను చెక్కలేదు. చుట్టూ ఉన్న చెక్కనంతా తవ్వేస్తే మిగిలింది. పెన్సిలుతో అయితే అర నిమిషం పని. ఆ తవ్వకం ఆనవాళ్లు మాత్రం పెన్సిలుకు రావు.

ఈసారి వచ్చినప్పుడు మా 7/30ని కిటికీ వెలుతురులో పక్కనుంచి చూడండి. బొమ్మ చుట్టూ రేకు అంచు నొక్కుకున్న గుర్తు సన్నటి గట్టులా కనిపిస్తుంది. అద్దం మాత్రం ఊడదీయకండి. ఇదివరకు నేనే తీసి మీ అమ్మమ్మ చేత చీవాట్లు తిన్నాను.

ఇట్లు,
మీ తాతయ్య