బెల్టు గన్ తీసి తేలిక రైఫిల్ పెడితే? ఒక ఆర్మరర్ చూసిన అపోహలు - వాస్తవాలు

తిరుమలగిరిలో మా ఇంటి దగ్గరి మైదానంలో పొద్దున్నే అగ్నివీర్ పరుగుకు తయారయ్యే కుర్రాళ్లు కనిపిస్తారు. నేను ఈఎంఈలో (సైన్యం ఆయుధాలు, వాహనాలు బాగుచేసే విభాగం) ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసేవాడిగా చేసి రిటైరయ్యానని తెలిసినప్పటి నుంచి పరుగయ్యాక చుట్టూ చేరుతున్నారు. మొన్న ఒకబ్బాయి అడిగాడు: "సార్, అమెరికా మెరీన్లు మెషీన్‌గన్ తీసేసి రైఫిల్ పెట్టుకున్నరంట గదా! మరి మనోళ్లు ఇంకా బెల్టు గన్నే ఎందుకు కొంటున్నరు?"

ప్రశ్న మంచిదే. దాని చుట్టూ అల్లుకున్న అపోహలే ఎక్కువ. ముందు జరిగిందేమిటో చెప్తాను. మెరీన్లంటే అమెరికాలో సముద్రం మీదుగా దిగి పోరాడే దళం. వాళ్ల స్క్వాడ్‌లో, అంటే అన్నిటికన్నా చిన్న జట్టులో ఉండేది ఎం249. బెల్జియం ఎఫ్‌ఎన్ కంపెనీ మినిమీ నుంచి వచ్చిన బెల్టు గన్ అది, అంటే తూటాలు పొడుగాటి బెల్టుగా అందే మెషీన్‌గన్. ఖాళీగానే ఏడున్నర కిలోలు, 200 రౌండ్ల (తూటాల) డబ్బా తగిలిస్తే పది దాటుతుంది. దాని స్థానంలోకి వచ్చిన ఎం27 రైఫిల్, జర్మనీ వారి హెచ్‌కే416 రైఫిల్‌కు తోబుట్టువు. ఖాళీ బరువు 3.6 కిలోలు, కింద తగిలించే మ్యాగజైన్ పెట్టెలో 30 రౌండ్లు. ఈ మార్పుకు 2011లో ఆమోదం వచ్చింది. రెండింటిలోనూ పేలేది ఒకే 5.56 మి.మీ. తూటా.

అపోహ: గన్ బరువు సగమైంది కాబట్టి జవాను మోత కూడా సగమైంది.

త్రాసులో పెట్టి చూడండి. 200 రౌండ్ల డబ్బా ఒక్కొక్కటి మూడు కిలోల పైమాట. మూడు డబ్బాలకు 600 రౌండ్లు, తొమ్మిది కిలోలు దాటుతుంది. అవే 600 రౌండ్లు మ్యాగజైన్లలో మోయాలంటే ఇరవై కావాలి. నిండు మ్యాగజైన్ దాదాపు అర కిలో. లెక్క మళ్లీ అక్కడికే వస్తుంది. తగ్గింది ఆయుధం బరువు ఒక్కటే, నాలుగు కిలోలు. కొండెక్కేవాడికి, గోడ దూకేవాడికి ఆ నాలుగు కిలోలు చిన్న విషయం కాదు. కానీ మందుగుండు బరువును ఏ డిజైనరూ మాయం చేయలేదు.

అపోహ: రౌండ్లు తక్కువ పడితే శత్రువు తల వంచడు.

దీని మీద కాస్త నిలబడతాను, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఫైరింగ్ రేంజ్‌లో బట్స్ (గురిబోర్డులుండే మట్టిగట్టు) కింద, తూటాలెక్కడ తగిలాయో చూసే మార్కర్‌గా కూర్చున్నవాడిని అడగండి. తూటా నెత్తికి దగ్గరగా పోతే చెవి పక్కన కొరడా ఝుళిపించినట్టు చప్పుడొస్తుంది. దూరంగా పోయినవి పది వచ్చినా మనిషి పట్టించుకోడు. దగ్గరగా ఒక్కటి పోతే చాలు, వద్దనుకున్నా మెడ లోపలికి పోతుంది. శత్రువు తల దించేది మొత్తం ఎన్ని పేలాయన్నది కాదు, వాటిలో ఎన్ని అతని పక్కనుంచి పోయాయన్నది.

గురి విషయంలో ఎం27కు నిజంగానే పైచేయి. కారణం బోల్టులో, అంటే రౌండును బ్యారెల్ వెనక కొసనున్న ఛాంబర్‌లోకి నెట్టి మూసే ఇనుప ముక్కలో ఉంది. బెల్టు గన్‌లో ట్రిగ్గర్ నొక్కకముందు బోల్టు వెనక ఆగి ఉంటుంది. నొక్కగానే అంత బరువూ ముందుకు దూకి, రౌండును ఛాంబర్‌లోకి నెట్టి పేలుస్తుంది. ఆ కుదుపుకు మొదటి తూటా గురి చెదురుతుంది. ఎం27లో బోల్టు ముందే మూసుకుని ఉంటుంది కాబట్టి మొదటి తూటా పెట్టిన గురికే పోతుంది. పైగా దాన్ని పట్టినవాడు దూరం నుంచి మామూలు రైఫిల్‌మన్‌లాగే కనిపిస్తాడు. బెల్టు గన్నర్‌ను శత్రువు ముందే వెతికి కొడతాడు, ఇతన్ని అలా ఏరలేడు.

అపోహ: అయితే బెల్టు గన్‌కు కాలం చెల్లినట్టే.

వేడి సంగతి మరిచిపోయి అనే మాట ఇది. బోల్టు వెనక ఆగితే ఛాంబర్‌లో రౌండు ఉండదు, బ్యారెల్‌లోంచి గాలి ఆడుతుంది. మూసిన బోల్టుతో ఎడతెగకుండా కాలిస్తే, కాగిపోయిన ఛాంబర్‌లో ఉన్న రౌండు ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉంది. ఎం249కు వేడెక్కిన బ్యారెల్ తీసి చల్లనిది పెట్టుకోవచ్చు. ఎం27కు యుద్ధం మధ్యలో ఆ వీలు లేదు. ఇంకొకటి, నిమిషానికి 700 చొప్పున కాలిస్తే 30 రౌండ్లు మూడు సెకన్లు కూడా రావు. చిన్న చిన్న బర్స్టులు (కొన్నేసి రౌండ్ల వరసలు) కొట్టే చేయి ఉండాలి. ఆ చేయి శిక్షణతోనే వస్తుంది.

అందుకే మెరీన్లు ఎం249ను పూర్తిగా వదిలేయలేదు, స్క్వాడ్లకు పైన ఉండే కంపెనీ (సైనిక దళం) స్థాయిలో కొన్ని ఉంచుకున్నారు. అమెరికా సైన్యమైతే 2022లో తన స్క్వాడ్ల కోసం మళ్లీ బెల్టు గన్‌నే ఎంచుకుంది, పేరు ఎం250. బ్రిటన్ కథ ఇంకా గట్టి పాఠం. 1980ల్లో బెల్టు గన్ స్థానంలో తమ రైఫిల్‌కే పొడుగు బ్యారెల్ పెట్టిన ఎల్86ను సెక్షన్లకు (స్క్వాడ్ లాంటి చిన్న జట్లకు) ఇచ్చారు. గురి బ్రహ్మాండం, కానీ ఎడతెగని కాల్పులకు సరిపోలేదు. చివరికి మినిమీ కొన్నారు.

అపోహ: ఇదంతా కొత్త ఆలోచన.

కాదు. అమెరికా వాళ్ల బీఏఆర్ ఆటోమేటిక్ రైఫిల్ 1918 నాటిది, మ్యాగజైన్‌లో 20 రౌండ్లు. సోవియట్లు 1960ల్లో బెల్టు ఆర్‌పీడీ తీసి మ్యాగజైన్ ఆర్‌పీకే తెచ్చారు. మన తాతల తరం మోసిన బ్రెన్ తేలిక మెషీన్‌గన్ కూడా మ్యాగజైన్‌దే.

అపోహ: మనవాళ్లు వెనకబడ్డారు.

మెరీన్ల కన్నా ముందే మనం ఆ దారిలో నడిచాం. పుణెలోని డీఆర్‌డీఓ ఆయుధ ల్యాబు ఏఆర్‌డీఈ రూపొందించిన ఇన్సాస్ ఎల్ఎంజీ (తేలిక మెషీన్‌గన్) అచ్చం అదే పద్ధతి: రైఫిల్ కుటుంబమే, బరువైన బ్యారెల్, 30 రౌండ్ల మ్యాగజైన్.  మ్యాగజైన్ గన్‌తో నా చేతికొచ్చిన స్టాపేజ్‌లలో (గన్ మధ్యలో ఆగిపోవడాల్లో) సగం మ్యాగజైన్ పెదవులు, అంటే రౌండును పట్టి ఉంచే పై అంచులు వంగడం వల్లే. కోత్‌లో (ఆయుధాల గదిలో) కూర్చుని ఒక్కొక్కటీ వేలితో తడిమి పక్కన పెట్టేవాణ్ని.

ఆ దారిలో నడిచాకే 2020 మార్చిలో ఇజ్రాయెల్ నెగెవ్ గన్‌లు 16,479 కొనడానికి ఒప్పందం కుదిరింది, విలువ 880 కోట్లు. అది 7.62 మి.మీ. బెల్టు గన్. మార్పుకు ముందు మెరీన్ల స్క్వాడ్‌లో పదమూడుమందికి మూడు ఎం249లు ఉండేవి. మన సెక్షన్ పదిమంది, ఎల్ఎంజీ ఒక్కటి. ఉన్న ఒక్కదాన్నీ తేలిక రైఫిల్‌గా మార్చేస్తే లోయకు అవతలి గట్టు మీద నిలిచి కాల్చేదెవరు? మన కొండల్లో ఎదుటివాడు వందల మీటర్ల దూరంలో రాళ్ల వెనక ఉంటాడు. అక్కడికి బరువైన తూటాయే కావాలి. నా లెక్కలో మన నిర్ణయం సరైనదే.

దానికీ మూల్యం ఉంది. 5.56 రౌండు దాదాపు 12 గ్రాములైతే 7.62 రౌండు 24. ఆ బెల్టులు గన్ కాల్చే నంబర్ వన్, అతనికి తోడుండే నంబర్ టూ ఇద్దరే మోయలేరు. సెక్షన్‌లో ప్రతివాడి వీపు మీదికీ కొంత వస్తుంది. ఆ అబ్బాయికి ఇది చెప్పాక, ఇసుక నింపిన బ్యాగు వీపుకు కట్టుకుని ఇంకో రౌండు పరుగెత్తి వచ్చాడు.