దేవుడు కనిపించాడా అని అడిగావు కదా

చిన్నా, బుజ్జీ,

ఇద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో బుజ్జి అడిగింది, "రోజూ దీపం పెడతావు కదా అమ్మమ్మా, దేవుడు నీకెప్పుడైనా కనిపించాడా?" అని. పొయ్యి మీద పాలు పొంగుతుంటే ఏదో చెప్పి ఫోన్ పెట్టేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కనిపించాడమ్మా. గుళ్ళో కంటే బయటే ఎక్కువసార్లు.

మన ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనానికి పేరు పెట్టారే, ఆ డొక్కా సీతమ్మ గారిది మన కోనసీమే. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చారు. గోదావరి పాయల మధ్య ఊరది. ఎవరు ఏ వేళకి వచ్చి ఆకలన్నా, ఏ కులమని అడక్కుండా విస్తరి వేసేవారు. ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయల్దేరారట. దారిలో పిల్లలతో వస్తున్నవాళ్ళు కొందరు, "కాస్త ఓర్చుకోండర్రా, గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారు" అనుకోవడం ఆవిడ చెవిన పడింది. అంతే, పల్లకి వెనక్కి తిప్పించారు. వాళ్ళకంటే ముందే ఇల్లు చేరి ఎసరు పెట్టారు.

చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ కథ చెబితే, "అయ్యో, స్వామి దర్శనం పోయిందే!" అన్నాను. "పోవడమేంటే, స్వామే ఎదురొస్తేనూ" అంది నాయనమ్మ. ఆ మాట నాకప్పుడు తలకెక్కలేదు.

మీ తాతయ్యకి గుండెనొప్పి వచ్చిన రాత్రి తలకెక్కింది. మీ అమ్మ అప్పటికింకా బయల్దేరి రాలేదు. ఐసీయూ బయట ఇనప కుర్చీలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పొద్దుటినుంచీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు, అంత టెన్షన్. పక్క కుర్చీలో ఒకావిడ, ముతక చీర, కాళ్ళకి చెప్పులు లేవు. వాళ్ళబ్బాయి కూడా లోపలే ఉన్నాడు. ఆవిడ స్టీలు క్యారేజీ విప్పి, మూతలో పెరుగన్నం సగం పెట్టి, ఉన్న ఒక్క మాగాయ ముక్కనీ దాని మీద వేసి నా చేతిలో పెట్టింది. "తినండి అక్కా. మీరు పడిపోతే ఆయన్నెవరు చూస్తారు?" అంది. తిన్నాను. కన్నీళ్ళు ఆ అన్నంలోనే పడ్డాయి. ఆవిడ నా వీపు మీద చెయ్యి వేసి, నేను తినడం అయ్యేదాకా తీయలేదు. తన కొడుకు లోపల ఉండగా నా ఆకలి గుర్తు పెట్టుకోవడానికి ఎంత మనసుండాలి! తెల్లారి చూస్తే ఆ కుర్చీ ఖాళీ. పేరైనా అడగలేదు నేను.

ఒక్క మాట. తెలియనివాళ్ళు పిలిస్తే వెంట వెళ్ళమని కాదు నేను చెప్పేది. మీరు చిన్నవాళ్ళు, అమ్మకి చెప్పకుండా ఎక్కడికీ వెళ్ళకూడదు. ఎదురుపడ్డ మనిషి ముఖంలోకి ఒకసారి చూడమంటున్నాను, అంతే. లిఫ్ట్‌లో కలిసే వాచ్‌మన్ తాత, మీ మెట్లు తుడిచే ఆంటీ. వాళ్ళు అన్నం తిన్నారో లేదో మీకు తెలుసా?

చూడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట, రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం. పార్సిల్ తెచ్చిన కుర్రాడు గేటు దగ్గర నిలబడి "అమ్మా, కాసిని మంచినీళ్ళు" అన్నాడు. నేను మడి కట్టుకున్నాను, మహానైవేద్యం పెట్టబోతున్నాను. "ఉండు బాబూ, పూజలో ఉన్నాను" అని లోపలికి వెళ్ళాను. హారతి ఇచ్చి చెంబుతో బయటికి వచ్చేసరికి లేడు. అరుగు మీద పార్సిల్ ఉంది. అట్టపెట్టె మీద చెమట వేళ్ళ గుర్తులు అంటుకుని ఉన్నాయి. చెంబు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళాను. ఎండ తప్ప ఎవరూ లేరు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఇవాళ్టికీ హారతి పళ్ళెం చేతిలోకి తీసుకుంటే ఆ గొంతు వినబడుతుంది.

మర్నాడే కుమ్మరి వీధికి వెళ్ళి కొత్త కుండ తెచ్చాను. గేటు పక్కన వేపచెట్టు కింద, ఇసకలో కూర్చోబెట్టి గ్లాసు పెట్టాను. ఎవరు తాగుతారో నేను చూడను. సాయంత్రానికి కుండ ఖాళీ అవుతుంది, ఎవరో గ్లాసు కడిగి బోర్లించి వెళ్తారు.

ఈ మధ్య నడుం వంగి నీళ్ళు పొయ్యడం కష్టంగా ఉంది. వేసవి సెలవులకి వస్తారుగా, పొద్దున్నే ఆ కుండ నింపే పని మీ ఇద్దరిదీ. దీపం నేను పెడతాను.

మీ అమ్మమ్మ